అమ్మవారికీ రాక్షసుడికీ మధ్య సీటు

తెలంగాణ రాకముందు మాట. ఉప్పల్‌ నుంచి నాచారం వెళ్లే బస్సులో ఇద్దరు ఫ్యాక్టరీ కార్మికుల మధ్య కూర్చున్నాను. కిటికీ పక్కనున్నతను అవతలి మనిషిని చూపిస్తూ, “సారు, మా బావకు భుజం నొప్పి తగ్గిందా అడుగుండ్రి” అన్నాడు.

“మీరే అడగొచ్చుగా?”

“మా ఊరి జాతరల నేను అమ్మవారు, ఆయన రాక్షసుడు. బరిల కొట్లాడేదాక ఇద్దరం మాట్లాడొద్దు.”

అడిగాను.

“తగ్గలేదని చెప్పుండ్రి” అన్నాడు బావ. “గని మెల్లగ కొట్టొద్దు. నా బిడ్డ దవాఖానల ఉన్నది, దెబ్బలు తింటనని మొక్కిన. ఉత్తుత్తిగ కొడ్తె అమ్మవారు ఒప్పుకోదు.”

ఈ మాట చెప్పడానికి ఇటు తిరిగాను. అతను అంతా విన్నాడు. “ఏ భుజమో అడుగుండ్రి” అన్నాడు మెల్లగా.

బావ తువ్వాలు విప్పి రెండు భుజాలూ కప్పుకున్నాడు.

“చెప్పనని చెప్పుండ్రి సారు.”