ఎనిమిది చూపించిన స్పీకర్లు

మదనపల్లెలో లారీ కాటా మీద ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. టమోటా లోడుతో లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడుతుంది. నేను గదిలో కూర్చుని అంకె చూసి చీటీ ఇస్తాను. ఈ పని నాకు నేర్పింది బరువులు కాదు, అనుమానం. లోడుతో తూచేటప్పుడు క్యాబిన్‌లో నలుగురు కదలకుండా కూర్చుంటారు. దింపి వచ్చి ఖాళీ లారీ తూచేటప్పుడు ఆ నలుగురికీ టీ గుర్తొచ్చి దిగిపోతారు, వాళ్ల బరువు టమోటా లెక్కలో పడుతుంది. అందుకని నాకు నేనుగా రెండు నియమాలు పెట్టుకున్నాను. బండి పూర్తిగా నిలబడ్డాకే అంకె నమ్మాలి. ఎంత బరువు రావాలో తూకానికి ముందు ఎవరికీ చెప్పకూడదు. స్పీకర్లు కొనబోయి మొదటి నియమం వల్ల ఒకసారి, రెండోది మరిచిపోయి ఒకసారి దెబ్బతిన్నాను.

నా దగ్గర ఒక పాత స్టీరియో ఆంప్లిఫైయర్ ఉంది. మా ఊళ్లో ఒకప్పుడు పాటల రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఖాళీ క్యాసెట్టు, కావలసిన పాటల జాబితా ఇస్తే మూడో రోజుకు ఎక్కించి ఇచ్చేవాళ్లు. అది మూతపడినప్పుడు యజమాని దాన్ని నాకు అమ్మాడు. ఇంట్లో నా సొంతానికని కొనుక్కున్న వస్తువు అదొక్కటే. బరువు తొమ్మిది కిలోల ఆరువందల గ్రాములు. దానితో వచ్చిన స్పీకర్లలో పాటకు అదిరే కాగితం పోయిన వానాకాలంలో అంచుల దగ్గర పొడిపొడి అయిపోయింది. ఇంట్లో పడి ఉన్న చిన్న స్పీకరు ఒకటి తగిలించాను. వారం తిరక్కుండా ఆంప్లిఫైయర్‌లో ఒక పక్క కాలి పొగ వచ్చింది.

మా ఊళ్లోనే బెంగళూరు బస్టాండ్ దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన దాన్ని మళ్లీ బతికించాడు. ఇస్తూ ఇస్తూ చెప్పాడు.

"సామీ, దీంట్లో ఏసిన ట్రాన్సిస్టర్లు నా కాడ ఉండిన ఆఖరి జత. ఇంగ యాడా దొరకవు. ఎనక పక్క రాసిండేది సదువుకో. ఎనిమిది ఓమ్‌లు. అంతకు తక్కువ స్పీకరు తగిలిస్తే మళ్లా కాలతాది. అప్పుడు నా కాడికి తేవద్దు, పాత ఇనుము అంగడికి తీసకపో."

స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క ఓమ్. అడ్డు తక్కువైతే ఆంప్లిఫైయర్ ఎక్కువ కరెంటు తోయాలి. తోసేకొద్దీ వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. ఇది నాకు సులువుగానే అర్థమైంది. చేతిలో పట్టే మీటరు ఒకటి కొన్నాను. రెండు తీగలు స్పీకరు వెనక ఆనిస్తే ఓమ్‌లు చూపిస్తుంది. తీగలకే కొంత అడ్డు ఉంటుంది కాబట్టి ముందు తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి చూశాను. సున్నా పాయింట్ మూడు వచ్చింది. వచ్చిన ప్రతి అంకెలోంచి అంత తీసేయాలని నోటుబుక్కులో రాసుకున్నాను. స్పీకర్ల ధర ఆరువేలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం.

మీటరు సంచిలో పెట్టుకుంటుంటే నా భార్య అడిగింది. "స్పీకర్లు కొనేదానికి పోతాండారా, పెండ్లికొడుకును సూసేదానికి పోతాండారా?"

మొదట మా ఊళ్లోనే కొత్త అంగడికి వెళ్లాను. పెట్టె మీద పన్నెండు వేల వాట్లని మెరిసే అక్షరాలు అంటించి ఉన్నాయి. వెనక వైరు చూస్తే సెల్‌ఫోను చార్జరు వైరంత సన్నం.

"పన్నెండు వేల వాట్లు ఈ వైర్లో పోతాయా?" అన్నాను.

"సార్, అది పాట బాగా పైకి పోయినప్పుడు."

"అప్పుడు వైరు లావవుతాదా?"

అతను వేరే కస్టమరు వైపు తిరిగాడు. పెట్టెను రెండు వేళ్లతో ఎత్తాను, లేచింది. లోపల అయస్కాంతం ఎంతదో అక్కడే తెలిసిపోయింది. పైగా కింద సన్నటి అక్షరాల్లో నాలుగు ఓమ్‌లు అని ఉంది. బయటికొచ్చేశాను.

తర్వాతి ఆదివారం పుంగనూరు పోయాను. అక్కడ పెళ్లిళ్లకు మైకు సెట్లు బాడుగకిచ్చే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఇళ్లలో వాడిన పాత స్పీకర్లు కూడా అమ్ముతాడు. చెక్క పెట్టెలు ఒక జత చూపించాడు. ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. కాగితం కొత్తగా ఉంది. వెనక ఎనిమిది ఓమ్‌లని రాసి ఉంది. ధర ఐదువేలు. అన్నీ ఇంత బాగున్నాయంటే ఏదో ఉంటుందనుకుని మీటరు తీశాను.

ఒకటి ఆరు పాయింట్ మూడు. రెండోది ఆరు పాయింట్ ఒకటి. తీగల లెక్క తీసేసిన తర్వాత.

"ఏం భాయ్, ఎనిమిదని రాసి ఆరు అమ్ముతాండావా?"

ఆయన నవ్వాడు. "పాత సరుకప్పా, రాసింది నేను కాదు. పాట పెట్టి సూడు, నీ చెవే చెప్తాది."

"చెవులకేం తెలుసు? ఇది అంకె. ఎనిమిది కిలోలని ఆరు కిలోలు తూస్తే ఊరుకుంటావా?"

అంగట్లో పెళ్లికి మైకు సెట్టు మాట్లాడుకోవడానికి వచ్చిన ఇద్దరున్నారు. వాళ్లు నా మీటరు వంకా ఆయన ముఖం వంకా చూశారు. నేను మీటరు వాళ్లకు కూడా చూపించాను. భాయ్ నవ్వు ఆగిపోయింది.

"నేను దొంగ మాదిరి కనిపిస్తాండానా నీకు? మీటరు ఎత్తుకో, పోప్పా."

వచ్చేశాను. బస్సులో కూర్చుని ఆంప్లిఫైయర్‌ను కాపాడుకున్నాననే అనుకున్నాను.

కుప్పం అంత దూరం ఊరికే తిరగడమెందుకని అక్కడి అంగడికి ముందుగా ఫోన్ చేశాను. బెంగళూరు నుంచి పాత సరుకు తెచ్చే మనిషి. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఎనిమిది ఓమ్‌లవి ఉండాయన్నా."

"రాసింది కాదు, మీటరులో ఎనిమిది చూపించాల. నేను మీటరు తెస్తాను."

"మీటరులో ఎనిమిదే కావల్నా?" అని ఒక్క క్షణం ఆగాడు. "రెండు దినాలు టైమియ్యన్నా."

ఆ ఆగడం నాకు వినిపించింది. కానీ నా మాట విని జాగ్రత్తపడ్డాడు, నాసిరకం చూపించడానికి భయపడ్డాడు అనుకున్నాను. తూకానికి ముందే బరువు చెప్పేశానన్న సంగతి తట్టలేదు.

కుప్పంలో రెండు పెట్టెలూ ఎనిమిది పాయింట్ ఒకటి చూపించాయి. రెండూ ఒకటే. ఇంత సంతోషం నాకు కాటా దగ్గర ఎప్పుడూ కలగలేదు. ఐదున్నర వేలు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

తగిలిస్తే పాట గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. ఇదివరకు పావు వంతు తిప్పితే చాలిన వాల్యూమ్ గుండీని ముప్పావు దాకా తిప్పాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి, "పాడేవాళ్లకు బాగలేదా ఏమి?" అంది. ఆంప్లిఫైయర్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. అనుమానమొచ్చి స్పీకరు పెట్టె వెనక చెయ్యి పెట్టాను. అక్కడ వెచ్చగా తగిలింది.

స్పీకరు వేడెక్కడమేమిటి? నాలుగు మరలు విప్పాను. లోపల, స్పీకరుకు వెళ్లే తీగ మధ్యలో, సుద్దముక్క లాంటి తెల్లటి రెసిస్టరు ఒకటి అతికించి ఉంది. కరెంటును అడ్డుకోవడం తప్ప దానికి వేరే పని లేదు. దాన్ని విడిగా కొలిచాను, నాలుగు పాయింట్ ఏడు. స్పీకరును విడిగా కొలిచాను, మూడు పాయింట్ నాలుగు. కూడితే ఎనిమిది పాయింట్ ఒకటి. లెక్క సరిగ్గా ఉంది. పాటలో సగానికి పైగా ఆ ముక్కలోనే వేడిగా మారిపోతోంది. ముక్క తీసేస్తే ఆంప్లిఫైయర్ కాలుతుంది, ఉంచితే పాట ఉండదు. కుప్పం ఫోన్ ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

పెట్టె మోసుకుని రేడియో పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన చూసి చాలాసేపు నవ్వాడు.

"ఎనిమిది ఓమ్‌ల స్పీకరు మీటరుకు ఆరే చూపిస్తాది సామీ. ఆరుకు కొంచెం అటో ఇటో. మీటరు కొలిసేది గమ్మున ఉండే స్పీకరును. రాసిండే ఎనిమిది, పాడేటప్పటి లెక్క. మీటరులో సరిగ్గా ఎనిమిది వచ్చిందంటే నేనైతే అప్పుడే పెట్టె ఇప్పి సూసుండును."

కదలకుండా నిలబడిన బండినే నమ్మాలన్నది నా మొదటి నియమం. ఇరవై రెండేళ్లు నన్ను కాపాడిన నియమం అది. పుంగనూరులో ఇద్దరి ముందు నేను చూపించిన అంకె గుర్తొచ్చి అక్కడ ఇంక నిలబడలేకపోయాను.

ఆ స్పీకర్లు అమ్ముడుపోకూడదని తలుచుకుంటూ పుంగనూరు పోయాను. ఉన్నాయి. భాయ్ నన్ను చూసి లేవలేదు.

"ఏమప్పా, ఈపొద్దు త్రాసు కూడా తెచ్చినావా?"

జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆయన తలెత్తకుండా వైరు చుట్టుకుంటూనే ఉన్నాడు.

"ఆపొద్దు ఈడ ఉండిన ఇద్దరూ మళ్లా రాలేదు. మైకు సెట్టు యాడో మాట్లాడుకున్నారంట." చుట్టిన వైరు పక్కన పడేశాడు. "అమ్మతాను. కానీ నీ మిషన్ ఈడికి తీసుకురా. సంత దినం తీసుకురా. నా అంగడి ముందర, అందరూ సూస్తాండగా రెండు గంటలు పాడాల."

"కాలిపోతే?"

"కాలిపోతే నేను దొంగనే. నువ్వే అందరికీ చెప్పు."

ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. పెద్దాయన చెప్పింది నిజమే అయితే భయం లేదు. కానీ పెట్టెల లోపల ఏముందో నేను చూడలేదు. కుప్పం పెట్టె కూడా బయటికి బాగానే ఉండింది. ఆఖరి జత ట్రాన్సిస్టర్లు. చివరికి సంత రోజున ఆంప్లిఫైయర్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకుపోయాను.

భాయ్ స్పీకర్లను అంగడి మెట్ల మీద పెట్టాడు. తీగలు తగిలించే ముందు, నేను అడగకుండానే, ఆయన పెట్టెల వెనక మరలు విప్పి పక్కకు జరిగాడు. తల దూర్చి చూశాను. దూది, తీగ, స్పీకరు. తెల్లముక్క లేదు. పాట మొదలైంది. గుండీ పావు వంతు కూడా తిప్పలేదు, ఎదుటి పండ్ల అంగడామె తల తిప్పి చూసింది. పది నిమిషాలకోసారి నేను ఆంప్లిఫైయర్ మూత మీద అరచెయ్యి ఆనించి, నోటుబుక్కులో గీత పెడుతున్నాను.

సంచితో పోతున్న ఒకాయన ఆగాడు. "ఏమప్పా, దానికి జరమా?"

"సూస్తాండాను, ఇంకా రాలేదు," అన్నాను.

ఎవరో మొదటిసారి నవ్వారు. భాయ్ కూడా నవ్వాడేమోనని చూశాను, లేదు. ఆరో గీతప్పుడు, మొదటిరోజు ఉన్న ఇద్దరిలో ఒకాయన రోడ్డు అవతల కనిపించాడు. పిలిచాను. ఆయన ముందు, చుట్టూ ఉన్నవాళ్ల ముందు, కొలవడం తెలియక అరిచింది నేనని, స్పీకర్లలో ఏ లోపమూ లేదని గట్టిగా చెప్పాను. ఆయన తలూపి, "సరేప్పా, పాట బాగుండాది," అని వెళ్లిపోయాడు. మైకు సెట్టు సంగతి ఎత్తలేదు.

పన్నెండో గీతకు కూడా మూత గోరువెచ్చగానే ఉంది. ఆపేసి తీగలు విప్పాము. ఇంట్లో ఒప్పందం దాటిపోయినా ఐదువేలు ఇచ్చాను. భాయ్ టీ చెప్పడానికి పోయాడు.

అంగడి మెట్ల మీద నేనొక్కడినే ఉన్నాను. మీటరు జేబులోనే ఉంది. తీశాను. తీగలు రెండూ తాకించి సున్నా పాయింట్ మూడు చూసుకున్నాను. మొదటి పెట్టెకు ఆనించాను.

వెనక నుంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. భాయ్ రెండు టీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీటరు దాచుకునే వీలు లేదు.

"ఎంతప్పా?"

"ఆరు పాయింట్ మూడు."

ఆయన టీ నా పక్కన మెట్టు మీద పెట్టాడు.

"రెండోది ఆరు పాయింట్ ఒకటి రావాల. అదీ సూసుకో."