ఆఖరి షోలో డ్రమ్మర్ ఒక్కడే కనిపించాడు

ఆ వార్త ఒక మంగళవారం ఉదయం, పదిన్నర మీటింగ్ నడుస్తుండగా వచ్చింది. బల్ల మీద ఫోను వెలిగింది. ఆరేళ్ళుగా నేను వెంటపడి వింటున్న బ్యాండ్ వాళ్ళ పేజీలో కొత్త పోస్టు. వచ్చే నెల మూడో ఆదివారం మధ్యాహ్నం తమ ఆఖరి షో అనీ, ఆ తర్వాత బ్యాండ్ ఉండదనీ, తమలో తమకి గొడవలేమీ లేవనీ, ఇన్నాళ్ళూ విన్నందుకు సంతోషమనీ రాశారు. నాలుగే వాక్యాలు. ఐదోది ఉందేమోనని కిందికి జరిపి చూశాను. లేదు.

అప్పుడే మేనేజరు నా పేరు పిలిచాడు. "నిన్నటివి రెండు బగ్‌లు క్లోజ్ చేశానండి, మూడోది చూస్తున్నాను" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది మామూలుగా ఉన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

మీటింగ్ అయ్యాక మంచినీళ్ళకు వెళితే, నా పక్క సీటు అమ్మాయి వెనకే వచ్చింది. వరంగల్ పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు. "ఏమైందక్కా, గట్లున్నవ్? ఇంటికాడికెల్లి ఫోన్ వచ్చిందా?"

"లేదు. ఒక బ్యాండ్ ఆపేస్తున్నారట. వచ్చే నెల మూడో ఆదివారం ఆఖరి షో."

"పెళ్ళి బ్యాండా?"

"కాదు, రాక్ బ్యాండ్. తెలుగులో పాడతారు. వాళ్ళ పాటలు వాళ్ళే రాసుకుంటారు."

"ఏ సినిమాలకు చేసిన్రక్కా?"

"సినిమాలకు చెయ్యలేదు."

ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది. "పోనీలే అక్కా, ఇంకెవరన్న వస్తరు" అంది. మంచిపిల్ల. ఇంకేమంటుంది? ఇంట్లో ఎవరైనా పోతే మూడు రోజులు సెలవిస్తారు. దీనికి ఏ కారణం రాసి సెలవు పెట్టాలో తెలియక సీట్లోకి వెళ్ళి మూడో బగ్ తెరిచాను.

వాళ్ళని మొదటిసారి విన్నది కొండాపూర్‌లో. మాది భీమవరం దగ్గర. ఉద్యోగానికి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. ముగ్గురం ఉండే హాస్టల్ గదికి ఆ ఆదివారం రూమ్మేట్ చుట్టాలు ఐదుగురు వచ్చారు. నేను గొడుగు కూడా తీసుకోకుండా బయటికొచ్చేశాను. నాలుగింటికి వాన పట్టుకుంది. ఒక బేకరీ చూరు కింద నిలబడితే పైనుంచి గిటారు వినిపించింది. మెట్ల మీద తడి తక్కువగా ఉంటుందని పైకెక్కాను. అంతకన్నా ఉద్దేశమేమీ లేదు.

పైన చిన్న హాలు. ప్లాస్టిక్ కుర్చీల్లో పద్నాలుగు మంది ఉన్నారు, లెక్కపెట్టాను. ఎదురుగా నలుగురు మగవాళ్ళు, మా ఆఫీసులో ఏ ఫ్లోర్‌లో కనిపించినా వింత అనిపించని మొహాలు. కళ్ళజోడు పెట్టుకున్న గాయకుడు కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. లిఫ్టులో తనూ, అద్దంలో ఇంకొకరూ ఉన్నారట. పదకొండో అంతస్తులో తనొక్కడే దిగాడట, అద్దంలోని మనిషి ఇంకా పైకి వెళ్ళిపోయాడట. పాటంతా అంతే. ప్రేమ లేదు, వర్షం లేదు, చందమామ లేదు.

ఆ పాట విని నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. నేను పని చేసేది తొమ్మిదో అంతస్తులో. రోజూ మా లిఫ్టు అద్దంలో నన్ను నేను చూసుకుంటూ పైకి వెళతాను. ఊరొదిలి వచ్చాక నాకేం జరుగుతోందో అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. నేనూ ఎవరితోనూ అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మైకులో అనేశాడు.

ఆ రోజు నుంచి ఒక్క షో కూడా వదల్లేదు. నెలకో రెండు నెలలకో ఒకటి ఉండేది, ఎప్పుడూ శని ఆదివారాల మధ్యాహ్నాలే, ఎందుకంటే వాళ్ళూ ఉద్యోగస్తులే. మొదట్లో రూమ్మేట్లను పిలిచాను. ఒకమ్మాయి వచ్చి అరగంట ఫోను చూసుకుని, "నీకిది నిజంగా నచ్చిందా?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరినీ పిలవలేదు. హాస్టల్ వదిలి మణికొండలో ఒక గది ఇల్లు తీసుకున్నాక పిలవడానికి కూడా ఎవరూ లేకపోయారు. లాక్‌డౌన్ నెలల్లో నలుగురూ ఎవరింట్లోంచి వాళ్ళు, శనివారం సాయంత్రాలు ఫోను తెర మీద నాలుగు గడుల్లో పాడేవారు. గడులు కలిసేవి కావు, డ్రమ్ము అరక్షణం వెనకపడేది. వారమంతా నేను గొంతు విప్పి మాట్లాడేది ఆఫీసు కాల్స్‌లోనే. ఆ శనివారాలు మాత్రం వాళ్ళతో కలిసి గట్టిగా పాడేదాన్ని. పక్కింటివాళ్ళు ఒకసారి తలుపు కొట్టారు.

షోలు మళ్ళీ మొదలయ్యాక నా పక్కన ఒక పెద్దాయన కూర్చోవడం మొదలుపెట్టాడు. అరవై ఐదు దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, రెండు చెవుల్లో దూది. ఎవరికోసమో వచ్చి దారి తప్పాడనుకున్నాను. మూడో షోలో ఆయనే పలకరించాడు.

"నీకు చెవులు నొయ్యవా బిడ్డా?"

"అలవాటైపోయిందండి. మీకు ఈ పాటలంటే ఇష్టమా?"

"నాకేం సమజైతయ్? అగో, ఆ ఎనకాల డ్రమ్ములు గొట్టేటోడు నా కొడుకు."

ఆయనది నానక్‌రామ్‌గూడ. మేడలు రాకముందు అక్కడ జొన్నలు పండించినవాడు. కొడుకు ఏదో కంపెనీలో చేస్తాడని చెప్పాడు, ఏం చేస్తాడో తనకు తెలియదన్నాడు.

"ఇంట్ల మాట్లాడడు బిడ్డా. పొద్దుగాల పోతడు, మాపటికొస్తడు, ఫోను పట్టుకొని గూసుంటడు. ఏందిరా అంటే ఏం లేదంటడు. ఈడ జూడు ఎట్లున్నడో. చిన్నప్పుడు గిట్లనే ఉండె వాని మొఖం. అది జూడనీకే వస్త."

నేను తల ఊపాను, కానీ డ్రమ్మర్ వైపు చూడలేదు. నా చూపు ఎప్పుడూ పాడేవాడి మీదే. తర్వాత రెండేళ్ళు ఆయనా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. మాటలు తక్కువే. ఆయన జేబులోంచి వక్కపలుకు తీసి ఇచ్చేవాడు, నేను వద్దండి అనేదాన్ని. మళ్ళీసారీ ఇచ్చేవాడు.

ఆఖరి షో మాదాపూర్‌లో ఒక పెద్ద హాల్లో పెట్టారు. నాలుగింటికి మొదలు. నేను ఒంటిగంటన్నరకే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. తలుపులు తీయగానే పరుగెత్తినట్టే వెళ్ళి, స్టేజీ ముందున్న కడ్డీకి ఆనుకుని, పాడేవాడి మైకుకు సరిగ్గా ఎదురుగా చోటు పట్టుకున్నాను. ఆరేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. అతనితో ఏదో ఒకటి చెప్పాలనీ, కనీసం ఆ లిఫ్టు పాటప్పుడు అతను కళ్ళు తెరిస్తే ఎదురుగా నేనుండాలనీ అనుకున్నాను.

హాలు నిండిపోయింది. ఎప్పుడూ చూడని మొహాలు. ఆపేస్తున్నారనే కబురు వాళ్ళందరినీ తెచ్చినట్టుంది. వెనక ఎవరో, "లిఫ్ట్ సాంగ్ వీళ్ళదేనా?" అని అడుగుతున్నారు. నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది.

నాలుగుకు పది నిమిషాలుందనగా వెనక్కి తిరిగితే, తలల మీదుగా గుమ్మం దగ్గర పెద్దాయన కనిపించాడు. లోపలికొచ్చేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని తోసుకుంటూ వస్తున్నారు. ఆయన గోడ పట్టుకుని కుర్చీల కోసం వెతుకుతున్నాడు. ఆ రోజు కుర్చీలు తీసేశారు.

నిజం చెప్పాలి. నేను చూడనట్టు ఇటు తిరిగిపోయాను. ఒక రెండు నిమిషాలు మైకునే చూస్తూ నిలబడ్డాను. కొడుకు చూసుకుంటాడులే అనుకున్నాను. కొడుకు స్టేజీ వెనక ఉన్నాడని నాకు తెలుసు.

పక్కనున్న అమ్మాయితో, "నా చోటు చూస్తారా, ఇప్పుడే వస్తాను" అని చెప్పి బయల్దేరాను.

నన్ను చూడగానే ఆయన, "కుర్చీలేవి బిడ్డా?" అన్నాడు.

"ఇవాళ తీసేశారండి."

"గింతమంది ఏడికెల్లి వచ్చిన్రు? ఇన్నాళ్ళు ఏడున్నరు వీళ్ళంత?"

"మీ అబ్బాయికి ఫోన్ చేద్దామా?"

"వద్దొద్దు. పరేషానైతడు. జర నిలవడుత, ఏం గాదు."

ఆయనకు మోకాలి నొప్పి ఉందని ఇదివరకే చెప్పాడు, ఎక్కువసేపు నిలబడలేడు. ఆ జనంలోంచి ముందుకు తీసుకెళ్ళడం కుదిరే పని కాదు. సెక్యూరిటీ అతన్ని బతిమాలితే పక్కనున్న సందులోకి పంపించాడు. వాద్యాల పెట్టెలు పెట్టుకునే చోటు అది. చివర స్టేజీ వైపు ఒక తలుపు సగం తెరిచి ఉంది. పెద్దాయన్ని ఒక పెట్టె మీద కూర్చోబెట్టాను. అక్కడినుంచి డ్రమ్ములు పక్కవాటుగా బాగా కనిపిస్తున్నాయి. మిగతా ముగ్గురికీ అడ్డంగా నా ఎత్తున్న స్పీకర్ ఉంది.

"నువ్వు పో బిడ్డా, నీ పాటలు మొదలైతయ్."

వెళ్దామనుకున్నాను. అంతలో దీపాలు ఆరాయి, జనం అరిచారు, సందు మొదట్లో మనుషులు గోడలా నిలబడిపోయారు. నా చోటు పోయిందని అర్థమైంది. ఆయన పక్కనే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. అది బ్యాండ్ కోసం కాదు, చోటు కోసం.

గంటన్నర పాడారు. స్పీకర్ వెనక పాట మాటలు సరిగ్గా వినపడవు, డ్రమ్ము మాత్రం పొట్టలో మోగుతుంది. చూడ్డానికి ఇంకేమీ లేదు కనక నేనూ డ్రమ్మర్‌నే చూశాను. ఆరేళ్ళలో మొదటిసారి. అతను ప్రతి పాటా పాడుతున్నాడు. ముందు మైకు లేదు, ఒక్క మాట కూడా ఎవరికీ వినపడదు, అయినా ప్రతి మాటకీ పెదవులు కదులుతున్నాయి. లిఫ్టు పాటలో, పదకొండో అంతస్తు రాబోయే ముందు, బేస్ గిటారు వాయించే అతను ఉండే వైపు చూసి కనుబొమ్మలెగరేసి నవ్వాడు. ఏదో పాత తమాషా అయి ఉంటుంది. ఆ పాట నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరనుకునేదాన్ని. అందులో ఒక నవ్వుందని నాకు తెలియనే తెలియదు.

"జూసినవా? జూసినవా?" అని పెద్దాయన నా మోచెయ్యి తట్టాడు.

"చూశానండి."

చివరి పాటకు ముందు జనం అరుస్తుండగా ఆయన నా వైపు వంగాడు. "ఇగ కొట్టడా వీడు?"

"బ్యాండ్ ఆపేస్తున్నారు కదండి. ఇంట్లో వాయించుకుంటాడేమో."

"ఇంట్ల కొడితే పైన కిరాయికున్నోళ్ళు లొల్లివెడ్తరు." చెవిలో దూది సర్దుకున్నాడు. "మరి నేనేడ జూడాలె?"

అడిగి ఆయన మళ్ళీ స్టేజీ వైపు తిరిగాడు.

అయిపోయాక డ్రమ్మర్ ఆ తలుపులోంచే బయటికొచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. తండ్రిని చూసి ఆగాడు. "నాయినా! ఈడ గూసున్నవేంది?"

"ఊకెనే. తిన్నవా?"

"లే. తింట."

అంతే మాట్లాడుకున్నారు. అప్పుడతను నన్ను చూశాడు. "మీరు ప్రతిసారి వస్తరు గదండీ" అన్నాడు.

ఆరేళ్ళుగా పాడేవాడితో చెప్పాలనుకున్నవన్నీ నోటి దాకా వచ్చాయి. హాస్టల్, లిఫ్టు, లాక్‌డౌన్ శనివారాలు. "చాలా బాగుందండి" అన్నాను. అతను థాంక్స్ చెప్పాడు. లోపల్నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళిపోయాడు.

పెద్దాయన్ని ఆటో ఎక్కించాను. "ఏడుంటవ్ బిడ్డా?" అని అడిగాడు. మణికొండ అన్నాను. "ఒక్కదానివేనా?" అవునన్నాను. "ఒకనాడు ఇంటికి రా" అన్నాడు. ఇల్లెక్కడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆటో మలుపు తిరిగింది. ఇంకా ఎండ ఉంది. హాలు ముందు కొత్తవాళ్ళు గుంపులుగా ఫోటోలు దిగుతున్నారు. ఒకమ్మాయి తన ఫోను నా చేతికిచ్చి తీయమంది. తీసిచ్చాను.

మర్నాడు ఆఫీసులో పక్క సీటు అమ్మాయి, "ఎట్లయిందక్కా?" అని అడిగింది. బాగా జరిగిందని చెప్పాను. గుర్తుపెట్టుకుని అడిగినందుకు కళ్ళు తడయ్యాయి.

మరో రెండు నెలలకు ఇంకో బ్యాండ్ షోకి వెళ్ళాను. బాగానే వాయించారు. సగంలో లేచొచ్చేశాను. మెట్లు దిగుతుంటే తెలిసింది, లోపలున్నంతసేపూ నేను వెనకున్న డ్రమ్మర్నే చూస్తూ కూర్చున్నానని.

ఆగిపోయిన ఆ బ్యాండ్ పాటల్లో నాలుగింటికి రికార్డింగ్ లేదు. షోల్లో మాత్రమే పాడేవారు. మొన్న శనివారం మధ్యాహ్నం కాగితం తీసుకుని వాటిని గుర్తున్నంతవరకూ రాశాను. మూడు వచ్చాయి. నాలుగోదానికి పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది, రెండోది రాలేదు. వరస గుర్తుంది, మాటలు లేవు. వాళ్ళ పేజీకి రాసి అడిగాను. ఆ పేజీ ఇప్పుడెవరైనా చూస్తున్నారో లేదో తెలియదు. సాయంత్రం దాకా ఆ వరసనే కూనిరాగం తీస్తూ, మాటలుండాల్సిన చోట ఖాళీ వదిలి, బట్టలు మడతపెట్టుకున్నాను.