ఉకైర్ తేట నీళ్లలో షెరీ చేప కోసం ఒక శుక్రవారం

సౌదీలోని హుఫూఫ్‌లో ఏళ్ల తరబడి ఉంటూ, గంట దూరంలో ఉన్న సముద్రం చూడని మనవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ నాలుగేళ్లు అలాగే ఉన్నాను. మొన్న ఫిబ్రవరి చివరి శుక్రవారం ఉకైర్ తీరానికి వెళ్లడానికి కారణం నా గదిలో ఉండే మల్లేశ్. ఇద్దరం ఒకే మెయింటెనెన్స్ కంపెనీలో పనిచేస్తాం. నాది కరెంటు పని, అతనిది ఏసీ పని. చలికాలం మొదట్లో ఏసీ గొట్టానికి వాడే రేకు జారి అతని కుడిచేతి రెండు వేళ్లు తెగాయి. కుట్లు మానాయి, వేళ్లు వంగుతున్నాయి, కానీ స్పర్శ రాలేదు. పట్టుకున్న స్క్రూ జారిపోయినా తెలియదు. వేడి టీ గ్లాసు పట్టుకుంటే మేమే కేక వేసి చెప్పాలి. నరం అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు అన్నాడు డాక్టరు. మార్చిలో మళ్లీ మెడికల్ ఉందన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తామని సూపర్‌వైజర్ ముందే చెప్పేశాడు.

మల్లేశ్‌ది నిర్మల్ వైపు గోదావరి ఒడ్డు. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నాడు: "అన్నా, ఒక్కసారి గాలం పట్టి చూస్తనే. డాక్టర్ సూది గుచ్చితె నాకేం తెలుస్తలేదు గని, చేప ఎర ముట్టుడు అట్ల గాదు. అది చిన్నప్పటి సంది ఈ వేళ్లకే తెలుసు."

నేను సరేనన్నాను.

ఉకైర్‌కు బస్సు లేదు. మా వీధి చివర టాక్సీ పెట్టే పెషావర్ కరీం భాయ్‌ని రోజంతటికీ నూట యాభై రియాళ్లకు మాట్లాడుకున్నాం. రొయ్యల వేట ఆపే కాలం కాబట్టి మార్కెట్లో తాజావి దొరకలేదు. ఎర కోసం గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్ ఒకటి పన్నెండు రియాళ్లకు తీసుకున్నాను. దారం, కొక్కేలు మల్లేశ్ తనే ఎంచుకున్నాడు. ఊళ్లో వాడినట్టే లావుపాటి ఆకుపచ్చ నైలాన్ దారం, పెద్ద సీసం గుండు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని కరీం భాయ్ బండి తీశాడు. తోటలు దాటాక దారంతా ఇసుక దిబ్బలే. రాత్రి గాలికి రోడ్డు మీద నాలుకల్లా పరుచుకున్న ఇసుకను తప్పించుకుంటూ నడిపాడు. కోస్ట్‌గార్డ్ చెక్‌పోస్టులో ఇకామా కార్డులు అడిగారు. ఏం పనని అడిగితే కరీం భాయ్ "సమక్" (చేపలు) అని వెనక సీటు వైపు వేలు చూపించాడు. ఆ సిపాయి చేపలను తలచుకున్నాడో, మా మొహాలు చూశాడో, నవ్వి పంపేశాడు.

పాత కోట గోడలు దాటి ఒడ్డుకు చేరేసరికి వెలుతురు ఇంకా పలుచగా ఉంది. అంత తేట నీళ్లు నేనెప్పుడూ చూడలేదు. మోకాలి లోతులో పడున్న గవ్వ మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. కొంత దూరం తెల్లటి ఇసుక, ఆ తర్వాత నాచు, నాచు చివర నీళ్ల రంగు ఒక్కసారిగా ముదిరిపోతుంది. చలి తగ్గుతున్న ఈ మొదటి వారాల్లో షెరీ చేపలు ఆ అంచు దాకా, ఒక్కోసారి ఇంకా ఇవతలికి మేతకు వస్తాయట. మార్కెట్లో చేపలు కోసే బంగ్లా అతను చెప్పాడు.

మల్లేశ్ లుంగీ ఎగ్గట్టి, నీళ్లు చిందించుకుంటూ తొడలోతు దాకా నడిచాడు. నేనూ వెనకాలే దిగాను. దూరంగా గుండు విసిరాడు. అది తుపాకీ పేలినంత చప్పుడుతో పడింది. మెత్తగా ఉడికించి తెచ్చిన అన్నం ముద్దలు చుట్టూ చల్లాడు. వేలెడంత పిల్లచేపలు వందలుగా మూగి అన్నం తిన్నాయి, ఎరనూ కొరుక్కుతిన్నాయి. పెద్దవి ఒక్కటీ రాలేదు. దారం అతను ఎడమచేత్తోనే పట్టుకున్నాడని నేను చాలాసేపటికి గమనించాను.

పది దాటాక ఒడ్డున కూర్చుని, కేరళ హోటల్లో కట్టించుకున్న పరోటాలు తిన్నాం. కరీం భాయ్ బానెట్‌కు ఆనుకుని, "అరే మల్లేశ్ భాయ్, మచ్లీ కో దావత్ ఖిలానే ఆయే థే క్యా?" అన్నాడు. చేపలకు విందు పెట్టడానికి వచ్చావా అని.

మల్లేశ్ నవ్వలేదు. నీళ్లనే చూస్తున్నాడు. మేం కదలకుండా కూర్చుని ఎంతసేపయిందో, చారల్లాంటి నీడలు రెండు నాచు వైపు నుంచి వచ్చి, పొద్దున మేం తొక్కుకుంటూ వెళ్లిన ఇసుక మీదుగానే మెల్లగా తిరిగాయి. నేను చేయెత్తి చూపించానో లేదో, మాయమయ్యాయి.

"అయ్యో," అన్నాడు మల్లేశ్. "మన గోదావరి నీళ్లు మట్టి నీళ్లన్నా. నడుం లోతు దిగినా చేపకు మనం కనబడం. ఇక్కడ మనకు అవి కనబడక ముందే వాటికి మనం కనబడ్డం. చేపల నెత్తిమీదికెళ్లి నడిచిపోయి, చేపల కోసం దూరం ఇసురుతున్న సూడు!"

ఆ తర్వాత అతను నీళ్లలో కాలు పెట్టలేదు. నా సంచిలో సన్నటి తెల్ల దారం ఉంటే అది కట్టాడు. సీసం గుండు తీసేశాడు. ముడి వేయడానికి పళ్లు వాడాడు. మధ్యాహ్నం నీళ్లు అద్దంలా ఉన్నంతసేపూ గాలం వేయనేలేదు. బండి నీడలో పడుకుని ఎదురుచూశాం. సాయంత్రం అసర్ నమాజు వేళకు గాలి లేచింది. ఒడ్డు వంపు తిరిగిన చోట అలలు కొట్టి నీళ్లు కాస్త కలకగా మారాయి. మల్లేశ్ వంగి వంగి నడిచి అక్కడ ఇసుకలో చతికిలబడ్డాడు. నన్నూ చేయి పట్టి కూర్చోబెట్టాడు. పొద్దు మా వెనక్కి తిరిగింది కాబట్టి నిలబడితే మా నీడలు నీళ్లలో పడతాయి. ఎరను చప్పుడు కాకుండా నాచు అంచుకు జారవిడిచాడు. అప్పుడు దారాన్ని కుడిచేతికి మార్చుకున్నాడు. తెగిన రెండు వేళ్ల మీదుగా వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

రెండుసార్లు ఎర పోయింది. రెండుసార్లూ దారం కదలడం నేను చూశాను. అతనికి తెలియలేదు. మూడో ఎర గుచ్చి, దారాన్ని మళ్లీ ఆ వేళ్ల మీదే వేసుకున్నాడు. ఎడమచేత్తో పట్టమని చెప్దామని నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను.

కరీం భాయ్ దూరం నుంచి గడియారం చూపిస్తూ పిలిచాడు. పొద్దుగూకి మగ్రిబ్ కాకముందే దిబ్బల దారి దాటాలని అతని తొందర. ఇంకొంచెం అని చేయి ఊపాను.

"అన్నా," అన్నాడు మల్లేశ్ కళ్లు తెరవకుండానే, చాలా చిన్న గొంతుతో. "ముడుతుంది."

దారం వైపు చూశాను. అది కదల్లేదు. గాలేమోరా అనబోయాను. అంతలో దారం పక్కకు సాగి బిగుసుకుంది. మల్లేశ్ లేచి వెనక్కి నడుస్తూ లాగాడు. మోచేయి నుంచి మణికట్టు దాకా ఉన్నంత పొడవు షెరీ, బుగ్గల మీద నీలం గీతలతో ఇసుక మీద పడి ఎగిరింది. అతను దాన్ని చూడలేదు. నడిమి వేలిని బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"దీనికి తెలిసిందే. పక్కదానికి లేదు, అది ఇంక మొద్దే. గని దీనికి తెలిసింది. చీమ పాకినట్టు." తర్వాత కూలబడి ఏడ్చాడు. నేను అతని వీపు మీద చేయి వేసి ఉంచాను. కరీం భాయ్ వచ్చి, మా ఇద్దరినీ చేపనూ చూసి, డిక్కీలోంచి చెక్క ముక్కలు తెచ్చి మంట పెట్టాడు. టైం అయింది కదా అన్నాను. "అబ్ కాహే కీ జల్దీ?" అన్నాడు, ఇంకేం తొందర అని. ఉప్పు, నిమ్మకాయ రాసి కాల్చిన ఆ చేపను ముగ్గురం మిగిలిన పరోటా ముక్కలతో తిన్నాం.

మార్చిలో మెడికల్ అయింది. కళ్లు మూయించి సూదితో చూశారట. ఒక వేలికి సరిగ్గా చెప్పాడు, ఇంకో వేలికి చెప్పలేకపోయాడు. నరం వస్తోంది, ఆరు నెలలు తేలిక పని ఇవ్వండని డాక్టరు రాశాడు. ఇప్పుడు స్టోర్‌లో ఉన్నాడు. ఆ తర్వాత ఏమవుతుందో మా ఇద్దరికీ తెలియదు. నాకు మాత్రం ఆ సాయంత్రం గుర్తొచ్చినప్పుడల్లా, దారం కదలకముందే అతను 'ముడుతుంది' అన్న క్షణమే గుర్తొస్తుంది. నేను చూడలేనిది అతనికి తెలిసింది. పక్కనున్న మనిషి కష్టంలో మనం చేయగలిగేది ఒక్కోసారి కదలకుండా కూర్చోవడమేనేమో.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. టాక్సీ మాట్లాడేటప్పుడే మగ్రిబ్ దాకా ఉంటామని గట్టిగా చెప్పుకోండి. ఆ తేట నీళ్లలో పెద్ద చేప గాలానికి దొరికేది పొద్దుగూకే ముందు చివరి అరగంటలోనే.