మైకు అందరిది

సకల జనుల సమ్మె రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో మైకు ఎవరికివ్వాలో నాయకులే నిర్ణయించేవారు. జాకెట్లు కుట్టి బతికే కౌసల్య ఎదురు తిరిగింది. "స్వేచ్ఛ కావాలనే గదా కూసున్నం. ఎవల నోరూ మూయొద్దు," అని పట్టుబట్టి మైకును అందరికీ ఇప్పించింది.

ఒక మధ్యాహ్నం ఆ మైకు విజయశ్రీ అందుకుంది. ఇద్దరూ పోచంపల్లిలో ఒకే వీధిలో పెరిగిన స్నేహితులు.

"కౌసల్య మనతోని కూసుంటది గానీ మనసంత ఆంధ్రోళ్ళ దిక్కే. ఓనరమ్మ అమల ఇల్లమ్ముకొని పోతదేమోనని నా ముందల ఏడ్చింది," అంది.

గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన అమల, కౌసల్య కాన్పుకు దవాఖానలో తోడున్న మనిషి. ఆ భయాన్ని కౌసల్య మొగుడికి కూడా చెప్పుకోలేదు.

మైకు చూసుకునే ఉపేందర్ స్విచ్చి మీద చెయ్యి వేసి, "బందు చేయమంటవా అక్కా?" అన్నాడు.

చేయమనాలనే ఉంది. చేయిస్తే ఆ నాయకులకూ తనకూ తేడా ఏముంది? "వద్దు, మాట్లాడనియ్," అంది.

సాయంత్రం విజయశ్రీ దగ్గరికొచ్చింది. "ఎవలేమన్నా మాట్లాడొచ్చని నువ్వే అంటివి గదనే."

"అన్న. ఇప్పుడు గూడ అంట. కానీ నీకు చెప్పుకున్నది మైకుల చెప్పనీకి కాదు."

మర్నాడు నాయకులు మైకు మళ్ళీ తమకే కావాలంటే కౌసల్య ఒప్పుకోలేదు. శిబిరానికి రోజూ వెళ్ళింది గానీ విజయశ్రీ పక్కన కూర్చోలేదు. రాష్ట్రం వచ్చిననాడు విజయశ్రీ గులాలు పట్టుకొచ్చింది. కౌసల్య తలుపు తీసి, నుదుటికి పెట్టించుకుంది. లోపలికి మాత్రం రమ్మనలేదు.