నిద్ర పట్టించిన కవాతు

పరీక్ష తప్పినప్పటి నుంచి నోరు విప్పని మా మనవరాలిని మొన్న హైదరాబాదులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆవిడ నన్ను బయట కూర్చోమని, లోపల చెప్పుకున్నది లోపలే ఉంటుందని నెమ్మదిగా చెప్పి తలుపు వేసుకుంది. ఆ వరండాలో కూర్చున్నంతసేపూ నాకు వనపర్తిలో కొత్తగా హకీం పని మొదలుపెట్టిన రోజులే కళ్ల ముందు తిరిగాయి.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనసుకు జబ్బు చేసిందని ఎవరూ అనేవారు కాదు, నిద్ర పట్టడం లేదనో, అన్నం సయించడం లేదనో అనేవారు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో మా ఖాలా, అంటే అమ్మ చెల్లెలు, తన పెద్దకొడుకును నా దగ్గరికి తెచ్చింది కూడా నిద్ర పట్టడం లేదనే. వాడి తమ్ముడు బతుకుదెరువుకు ఎక్కడో దూరాన ఉన్న పట్నానికి పోయి, అక్కడి మతకల్లోలంలో చనిపోయాడు. రైలెక్కించింది తానేనని వీడు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. రోగి మాటను మధ్యలో ఆపకూడదని మా మేనమామ నాకు వైద్యంతోపాటే నేర్పాడు కనుక, గులాబీ రేకుల గుల్‌కంద్ ఇచ్చి, రోజూ వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని వినేవాణ్ణి. మొదట ఏడ్చేవాడు; పోనుపోను ఏడుపు ఆగి కోపం వచ్చింది; ఆ కోపం చంపినవాళ్ల మీద నుంచి వాళ్ల మతం వాళ్లందరి మీదికీ, చివరికి ఏ పాపమూ ఎరగని మా చుట్టుపక్కల రైతుల మీదికీ మళ్లింది. లోపలి విషం బయటికి వస్తోందనుకొని నేను తల ఊపుతూ పోయాను. ఓదార్చడానికి ఊపిన తల వాడికి ఔననడంలా కనిపించిందేమో.

అంతలో ఊళ్లో ఖాకీ బట్టలు తొడుక్కొని, రైతులను బెదిరిస్తూ కవాతు చేసే జట్టు ఒకటి బయల్దేరింది. వాడు అందులో చేరాడు. చేరిన కొద్దిరోజులకే కంటినిండా నిద్రపోయాడు, కడుపునిండా తిన్నాడు. ఖాలా పరేషానై, ఆపమని నన్ను బతిమాలింది.

"పోనీ ఖాలా, నలుగుర్ల కలిస్తే దిల్ కుదుటపడ్తది. ఇప్పుడు జర నిద్రపోతుండు గదా," అన్నాను.

ఆ వానాకాలం ఆ జట్టు అమరచింత దిక్కున ఒక రైతు ఇంటికి నిప్పుపెట్టింది. అందరూ బయటపడ్డారు కానీ, మంచం పట్టిన ముసలాయన రాలేకపోయాడు. ఆయన కీళ్లనొప్పులకు నూనె కాచి ఇచ్చేది నేనే. నిప్పు పెట్టింది తానేనని వాడే తల్లికి చెప్పాడట. ఖాలా వచ్చి నా గడపలో నిలబడి, "నిద్రపోతుండు గదా అంటివి బిడ్డా," అని వెళ్లిపోయింది. మళ్లీ నా చేతి మందు తాగలేదు.

రాజ్యం మారింది, వాడు జైలుకు పోయాడు. కొన్నేళ్లకు తల నెరిసి తిరిగొచ్చినప్పుడు, నేను నీకు సరైన వైద్యం చేయలేదు, తప్పంతా నాదేనని చెప్పాను. వాడు అంతా విని, "నువ్వు పొమ్మన్నవని పోలే భాయ్. అగ్గిపుల్ల నా చేతిల ఉండె. గా తప్పు నాది, గుంజుకోకు. నీది ఏందో నువ్వు చూసుకో," అన్నాడు.

గద్వాలలో ఒక చీరల వ్యాపారి దగ్గర పనికి కుదిరి అక్కడే కన్నుమూశాడు. మళ్లీ నిద్ర పట్టలేదని వినడమే కానీ, నన్ను మందు అడగలేదు. నాది ఎంతో, వాడిది ఎంతో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు మనసు బాగాలేదని పిల్లలు నోరు విడిచి చెప్పుకుంటున్నారు, చదువుకున్నవాళ్లు కూర్చొని వింటున్నారు, అది సంతోషమే. కానీ ఆ జట్టు బయల్దేరక ముందు సంతకు వచ్చిన రైతులు మా గల్లీలో బండ్లు విప్పి, మా అరుగుల మీద సద్ది తిని, మా ఇళ్ల నీళ్లు తాగి పోయేవారు. అదంతా ఎప్పుడు ఆగిపోయిందని నా ఈడు వాళ్లు ఒక్కోసారి తలచుకుంటారు. ఆ వానాకాలమేనని నాకు తెలుసు; లేచి లోపలికి పోతాను.