సంబా కోవెలకు ఇంకో పేరు

ఇంత చిన్న సంగతి రాయడమెందుకులే అని ఫోను పక్కన పెట్టేశాను. నవ్వు ఆగక మళ్ళీ తీశాను.

మిషన్ వీధిలో, సంబా కోవెల అనే చర్చికి సరిగ్గా ఎదురుగా, మా సుబ్బరాయ శెట్టిది గుండీలు, లేసులు అమ్మే కొట్టు. ('సెయింట్ పాల్' అన్న మాట ఈ ఊరి నోళ్ళలో నానీ నానీ 'సంబా' అయిందంటారు. నా పేరూ అలాగే నానింది, అది వేరే కథ.) ఈ రోజు ఆయన బావమరిది బస్టాండు దగ్గర ఇంతకన్నా పెద్ద కొట్టు చూసి, తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఈ వీధి ఇడిసి నేను యాడికొచ్చేదిరా? ఈడ రాయి రాయీ నాకు తెలుసు" అన్నాడు శెట్టి.

అంతలో హైదరాబాదు దంపతులెవరో వచ్చారు. వీపులు కోవెల వైపు, కళ్ళు ఫోనులో. "ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ కెథెడ్రల్ ఎక్కడండీ?"

"అట్టాంటిది ఈ వీధిలోనే లేదు సామీ. రైలు స్టేషన్ పక్క పోయి ఇసారించండి."

వాళ్ళు ఎండలో నడిచి వెళ్ళిపోయారు. బావమరిది ఎదురుగా వేలు చూపించాడు. "అయితే బావా, అదేంది?"

"అది సంబా కోవెల గదరా! ఇంట్లో మనిషి రికార్డు పేరు ఎవురికి గుర్తుంటాది?"

అంటూనే శెట్టి, డెబ్బై ఏళ్ళ మనిషి, చెప్పుల్లేకుండా పరుగెత్తి, మలుపులో వాళ్ళను పట్టుకుని, కోవెలలోకి తీసుకుపోయాడు. అరగంటైనా బయటికి రాలేదు.

మీ వీధి గుడికి కాగితాల్లో ఏ పేరుందో మీకు తెలుసా? తెలియకపోతే చెప్పండి, శెట్టికి కాస్త ధైర్యం.

బావమరిది తాళంచెవి తీసి జేబులో వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.