ముందుగా చెప్పినారా?

రాకెట్ ఎగిరే రోజున సముద్రంలో చేపల వేటకు పోవద్దని మా పులికాట్ ఒడ్డు పల్లెల్లో ముందే మైకులో చెబుతారు. అందుకేనేమో, మా మేనత్త దేనికైనా ఒకటే అడిగేది: “ముందుగా చెప్పినారా?” కరెంటు పోయినా, బస్సు రాకపోయినా అదే నిలదీత.

ఓసారి ఆమెను నెల్లూరులో సినిమాకు తీసుకెళ్లాను. వెనకటి కాలంలో బాంబు తయారుచేసిన ఒక శాస్త్రవేత్త కథ అది. సముద్రం మధ్య దీవిలో పరీక్ష జరిగి తెరంతా వెలుగైపోగానే హాలు ఈలలతో దద్దరిల్లింది. నేనూ చప్పట్లు కొట్టాను.

“ఆ పక్క వేటకు పోయినోళ్లకి ముందుగా చెప్పినారా?” అంది అత్త.

“అది కథలో లేదత్తా. ఇది ఆయన బాధ గురించిన సినిమా.”

చివర్లో శాస్త్రవేత్త కుమిలిపోతుంటే చుట్టూ చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అత్త మాత్రం తగ్గలేదు. “ఆయన ఏడుపు ఇంతసేపు చూపించినారే, పడవలోళ్లని ఒక్కసారన్నా చూపించినారా?”

లైట్లు వెలిగాయి. హీరో నటనను మెచ్చుకుంటూ జనం వెళ్లిపోయారు. తెర మీద పేర్లు పైకి పోతూనే ఉన్నాయి. ఊడ్చేవాళ్లు వచ్చినా అత్త కుర్చీ వదల్లేదు.

“పోదాం పదత్తా, అయిపోయింది.”

“ఉండబ్బయా. పడవలోళ్ల పేర్లు ఇంకా రాలేదు.”